పుట్టుకను చదివే చదువు: బీఎస్సీ తర్వాత మన పిల్లలకు ఒక దారి

ఏటా నీట్ ఫలితాలు వచ్చిన వారంలో మన బస్తీల్లో ఒకే మాట వినిపిస్తుంది: "సీటు రాలేదు, ఇక బయాలజీ ఎందుకు?" శంషాబాద్ నుంచి రాజేంద్రనగర్, అత్తాపూర్ దాకా ఇదే మాట. అబ్బాయి అయితే డిగ్రీ మధ్యలో వదిలేసి ఎయిర్‌పోర్టులో ఏదో ఒక పనికి కుదురుకుంటాడు. అమ్మాయి అయితే బీఎస్సీలో చేరుతుంది. మూడో ఏడు పూర్తి కాకముందే సంబంధాలు చూడటం మొదలవుతుంది. అంతవరకు ఇష్టంగా చదివిన జంతుశాస్త్రం పుస్తకాలతో పాటు అటక ఎక్కుతుంది.

డాక్టరు కాలేకపోతే బయాలజీ చదివింది వృథా అన్నది తప్పుడు లెక్క. ఆ లెక్క తప్పని చూపించడానికి ఒక్క శాస్త్రాన్ని తీసుకుని ఈ వ్యాసంలో వివరిస్తాను. అది ప్రత్యుత్పత్తి, పిండాభివృద్ధి శాస్త్రం. ప్రాణి ఎలా పుడుతుంది, ఒక్క కణం నుంచి పూర్తి శరీరం ఎలా తయారవుతుంది అన్నది ఇందులోని విషయం. దీన్ని పీజీ స్థాయిలో చదవడానికి నీట్ అక్కర్లేదు. చదివించే, పరిశోధించే సంస్థలు కూడా మనం రోజూ తిరిగే దారుల్లోనే ఉన్నాయి.

ఇది ఏం శాస్త్రం?

ఇందులో రెండు భాగాలు ఉన్నాయి. మొదటిది ప్రత్యుత్పత్తి: అండం, శుక్రకణం ఎలా తయారవుతాయి, ఎలా కలుస్తాయి, హార్మోన్లు వాటిని ఎలా నడిపిస్తాయి. రెండోది అభివృద్ధి: ఆ రెండూ కలిసి ఏర్పడిన ఒక్క కణం విభజన చెందుతూ గుండె, కన్ను, వేలు, ఎముకగా ఎలా మారుతుంది.

రెండో భాగం అర్థం కావడానికి కోడిగుడ్డు చాలు. దుకాణంలో కొనే గుడ్డులో సాధారణంగా పిండం ఉండదు, ఎందుకంటే గుడ్ల కోసం పెంచే ఫారాల్లో పుంజులను ఉంచరు. హ్యాచరీకి వెళ్లే గుడ్డు వేరు. అది పెట్టే సమయానికే అందులో పచ్చసొన మీద చిన్న తెల్లని బిళ్లగా వేల కణాలు చేరి ఉంటాయి. చల్లగా ఉంచితే ఆ పెరుగుదల ఆగి ఉంటుంది. సుమారు 37.5 డిగ్రీల వేడిలో పెట్టి, తరచూ తిప్పుతుంటే మళ్లీ మొదలవుతుంది. రెండో రోజుకే గుండె కొట్టుకోవడం ప్రారంభమవుతుంది. ఇరవై ఒకటో రోజుకు పిల్ల పెంకు పగలగొట్టుకుని బయటికి వస్తుంది.

ఇక్కడే అసలు ప్రశ్న. ఆ పిల్లలోని దాదాపు అన్ని కణాల్లోనూ ఒకే జన్యువులు ఉన్నాయి. అలాంటప్పుడు ఒక కణం రెక్కగా, ఇంకొకటి కాలుగా ఎందుకు మారింది? ఏ కణంలో ఏ జన్యువు ఎప్పుడు పనిచేయాలో నిర్ణయించేది ఏమిటి? 1924లో జర్మనీలో హిల్డె మాంగోల్డ్ అనే పరిశోధక విద్యార్థిని, తన గురువు హాన్స్ స్పెమాన్ దగ్గర దీని మీద ఒక ప్రయోగం ప్రచురించింది. నీటిలో ఉండే న్యూట్ అనే జీవి పిండం నుంచి చిన్న ముక్క తీసి, వేరే రంగున్న మరో పిండానికి అంటించింది. ఆ రెండో పిండంలో అదనంగా ఇంకో శరీరం రూపుదిద్దుకోవడం మొదలైంది. చుట్టూ ఉన్న కణాలకు "మీరు వెన్నుపాము అవ్వండి" అని చెప్పే శక్తి ఆ ముక్కకు ఉందని తేలింది. ఇది ఆమె పీహెచ్‌డీ కోసం చేసిన పని. అదే ఏడాది ఇంట్లో జరిగిన అగ్నిప్రమాదంలో ఆమె మరణించింది. 1935లో స్పెమాన్‌కు నోబెల్ వచ్చింది. ఒక విద్యార్థిని చేసిన ప్రయోగాన్ని వందేళ్ల తర్వాత కూడా ప్రపంచమంతా పాఠంగా చెబుతున్నారు.

మన ఇళ్లకు ఇది ఏం చెబుతుంది?

పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం రాగానే చాలా బడుల్లో "ఇది ఇంట్లో చదువుకోండి" అని దాటేస్తారు. ఇంట్లో ఆ పేజీ ఎవరూ తెరవరు. దానివల్ల జరిగే నష్టం పరీక్షలో పోయే మార్కులతో ఆగదు.

ఆడపిల్లలే పుడుతున్నారని కోడలిని దెప్పిపొడిచే ఇళ్లు మతంతో సంబంధం లేకుండా ఇప్పటికీ ఉన్నాయి. అండంలో ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే ఉంటుంది. శుక్రకణాల్లో కొన్ని ఎక్స్, కొన్ని వై క్రోమోజోమును మోస్తాయి. ఏది కలిస్తే దాన్ని బట్టి ఆడా, మగా అన్నది తేలుతుంది. అందులో తల్లి చేసేది ఏమీ లేదు. అలాగే పిల్లలు కలగకపోతే ముందుగా పరీక్షలకు పంపేది కోడలినే. నిజానికి దాదాపు సగం జంటల్లో పురుషుని వైపు కూడా కారణం ఉంటుంది. వీర్య పరీక్ష సులువైనది, ఖర్చు తక్కువ. అది చేయించకుండా ఏళ్ల తరబడి ఒక్కరికే మందులు మింగించే ఇళ్లను మనమంతా చూస్తూనే ఉన్నాం.

మరో ఉదాహరణ. గర్భం ఏర్పడ్డాక 28 రోజుల లోపే మెదడు, వెన్నుపాముకు మూలమైన నాడీ నాళిక మూసుకుంటుంది. అది సరిగా మూసుకోకపోతే వెన్ను తెరుచుకున్న బిడ్డ పుట్టవచ్చు. చాలామందికి అప్పటికి గర్భం వచ్చిన సంగతే ఇంకా తెలియదు. అందుకే ఫోలిక్ ఆమ్లం మాత్ర నెల తప్పాక మొదలుపెడితే ఆలస్యం అయినట్టే. గర్భం కోసం ఎదురుచూసే రోజుల నుంచే డాక్టరు సలహాతో వేసుకోవాలి. మొదటి కాన్పులో ఇలాంటి బిడ్డ పుట్టిన తల్లులకు ముందుగానే ఫోలిక్ ఆమ్లం ఇస్తే ఆ ప్రమాదం 72 శాతం తగ్గిందని 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి నడిపిన అధ్యయనం చూపింది. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. పిండం ఏ రోజు ఏ పని చేస్తుందో తెలిసిన వాళ్లు ఉన్నారు కాబట్టే ఆ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో మనకు తెలిసింది.

వీళ్లెవరూ ఎంబీబీఎస్ కాదు

1978 జులై 25న ఇంగ్లండ్‌లో లూయిస్ బ్రౌన్ పుట్టింది. శరీరం బయట ఫలదీకరణ జరిపి పుట్టించిన తొలి బిడ్డ ఆమె. ఆ పని వెనుక ముగ్గురున్నారు: డాక్టర్ ప్యాట్రిక్ స్టెప్టో, నర్సుగా శిక్షణ పొంది ల్యాబ్ పనిలో నిపుణురాలైన జీన్ పర్డీ, రాబర్ట్ ఎడ్వర్డ్స్. 2010లో నోబెల్ అందుకున్న ఎడ్వర్డ్స్ వైద్యుడు కాడు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో జంతు జన్యుశాస్త్రంలో పీహెచ్‌డీ చేసిన వాడు. ఎలుకల అండాల మీద ఏళ్లపాటు చేసిన పనే ఆయన్ను అక్కడిదాకా తీసుకువెళ్లింది.

జాన్ గర్డన్ సంగతి ప్రతి టీచరూ తెలుసుకోవాలి. 1949లో ఇంగ్లండ్‌లోని ఈటన్ స్కూల్లో బయాలజీలో 250 మంది పిల్లల్లో ఆయనది చివరి స్థానం. శాస్త్రవేత్త కావాలనే ఆయన ఆలోచన హాస్యాస్పదమని మాస్టారు రిపోర్టులో రాశారు. అదే గర్డన్ 1962లో కప్ప పేగు కణం కేంద్రకాన్ని అండంలో పెట్టి, దాని నుంచి తోకకప్పలను పెంచిన ప్రయోగాన్ని ప్రచురించాడు. పూర్తిగా ఎదిగిన కణంలో కూడా మొత్తం శరీరాన్ని తయారుచేసే సమాచారం చెక్కుచెదరకుండా ఉంటుందని దానితో తేలింది. 2012లో నోబెల్ వచ్చింది. ఒక పరీక్షలో వచ్చిన ర్యాంకు చూసి పిల్లల దారి మూసేసే ముందు పెద్దలు ఈ కథ గుర్తుచేసుకోవాలి.

హైదరాబాద్‌కు వస్తే లాల్జీ సింగ్ ఉన్నారు. ఉత్తరప్రదేశ్‌లో ఒక పల్లెటూరి రైతు కొడుకు. బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో జువాలజీ ఎమ్మెస్సీ చేసి, పాముల క్రోమోజోముల మీద పీహెచ్‌డీ చేశారు. తర్వాత ఉప్పల్ రోడ్డులోని సీసీఎంబీకి డైరెక్టరయ్యారు.

మన దారిలోని సంస్థలు

పీవీ ఎక్స్‌ప్రెస్‌వే కింద ఉండేవాళ్లకు పిల్లర్ నంబర్లే చిరునామాలు. కల్యాణమండపానికైనా, ఆసుపత్రికైనా పిల్లర్ నంబరు చెబితే చాలు. అత్తాపూర్ దాటాక ఉప్పర్‌పల్లి దగ్గర 162వ పిల్లర్ ఎదురుగా సీసీఎంబీ వారి లాకోన్స్ ఉంది. అంతరించిపోతున్న జంతువుల సంరక్షణ కోసం పనిచేసే ప్రయోగశాల అది. లాల్జీ సింగ్ ఆలోచనతో 1998లో ఈ పని మొదలైంది. 2007లో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ఆ ప్రయోగశాలను జాతికి అంకితం చేశారు.

2006లో ఇక్కడ కృత్రిమ గర్భధారణ ద్వారా చుక్కల జింక పిల్ల పుట్టింది. దానికి స్పాటీ అని పేరు పెట్టారు. మరుసటి ఏడు ఇదే పద్ధతిలో కృష్ణజింక పిల్ల పుట్టింది. ఊళ్లో ఎదకు వచ్చిన బర్రెకు చేసేదే జింకకు చేశారని అనుకోకండి. అడవి జంతువు ఎప్పుడు ఎదకు వచ్చిందో చూసి చెప్పేవాళ్లు ఉండరు. దాని పేడలో హార్మోన్లు కొలిచి తెలుసుకోవాలి. మనిషి చెయ్యి తగిలితే బెదిరిపోయే ప్రాణికి మత్తు ఎంత ఇవ్వాలో తెలియాలి. వీర్యాన్ని మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో చెడకుండా దాచాలి. ఈ పనుల్లో ఒక్కొక్కటి ఒక్కో పీహెచ్‌డీ అంశం కాగలదు.

ఆ రోడ్డులోనే ముందుకు వస్తే రాజేంద్రనగర్‌లో పీవీ నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ పశువుల గర్భధారణ మీద పీజీ చేయాలంటే బీవీఎస్సీ చదివి ఉండాలి. వనరాజా కోడిని రూపొందించిన కేంద్ర పౌల్ట్రీ పరిశోధన సంస్థ కూడా రాజేంద్రనగర్‌లోనే ఉంది. ఔటర్ మీద గచ్చిబౌలి వైపు వెళ్తే, 1974లో ఏర్పడిన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో యానిమల్ బయాలజీ విభాగం, దానికి దగ్గర్లో జాతీయ పశు బయోటెక్నాలజీ సంస్థ ఉన్నాయి. ఉస్మానియాలో జువాలజీ, జెనెటిక్స్ విభాగాలు ఉన్నాయి. ఊరు దాటి వెళ్లగలిగితే బెంగళూరు ఐఐఎస్సీలో అభివృద్ధి జీవశాస్త్రం పేరుతోనే ఒక విభాగం ఉంది. ముంబైలో ప్రత్యుత్పత్తి ఆరోగ్యం మీద ఐసీఎంఆర్ వారి జాతీయ సంస్థ ఉంది.

మెట్లు ఎలా ఎక్కాలి?

ముందుగా ఒక మాట. మన విశ్వవిద్యాలయాల్లో "ప్రత్యుత్పత్తి, అభివృద్ధి జీవశాస్త్రం" అనే పేరుతో కోర్సు వెతికితే నిరాశపడతారు. ఆ విషయం జువాలజీ, యానిమల్ బయాలజీ, జెనెటిక్స్, బయోటెక్నాలజీ ఎమ్మెస్సీల లోపల ఉంటుంది. కోర్సు పేరు చూసి ఊరుకోకండి. అక్కడ ఏ ప్రొఫెసరు ఏం పరిశోధిస్తున్నారో, చివరి సెమిస్టరులో ప్రాజెక్టు ఎవరి దగ్గర చేయనిస్తారో చూసుకోవాలి.

మొదటి మెట్టు బీఎస్సీ. జువాలజీ, బయోటెక్నాలజీ, జెనెటిక్స్, బయోకెమిస్ట్రీలలో ఏదో ఒకటి ఉండాలి. కెమిస్ట్రీ కూడా ఉంటే మంచిది.

రెండో మెట్టు పీజీ ప్రవేశ పరీక్ష. ఉస్మానియా వంటి రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు సీపీగెట్ రాయాలి. కేంద్రీయ విశ్వవిద్యాలయానికి సీయూఈటీ పీజీ రాయాలి. రెండింటి తేదీలు వేరు. సీయూఈటీ పీజీ సాధారణంగా మార్చిలో జరుగుతుంది, దరఖాస్తులు అంతకు ఎంతో ముందే మొదలవుతాయి. డిగ్రీ పరీక్షలు అయ్యాక చూద్దాంలే అనుకున్న పిల్లలు ప్రతి ఏడూ ఇక్కడే జారిపోతున్నారు. మూడో సంవత్సరం దసరా సెలవులకే ఈ పని మొదలుపెట్టాలి.

మూడో మెట్టు ఎమ్మెస్సీ, రెండేళ్లు. ల్యాబ్‌లో చేతులతో చేసే పని నేర్చుకునేది ఇక్కడే.

నాలుగో మెట్టు సీఎస్ఐఆర్ యూజీసీ నెట్. ఏడాదికి రెండుసార్లు ఉంటుంది. ఎమ్మెస్సీ చివరి ఏడాదిలో ఉండగానే రాయవచ్చు. అందులో జేఆర్ఎఫ్ సాధిస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000 రూపాయలు ఫెలోషిప్ వస్తుంది. ఇంటి అద్దె భత్యం అదనం. అంటే పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి ఇంటికి భారం కాదు, ఆమెకే నెలనెలా డబ్బు వస్తుంది. జేఆర్ఎఫ్‌కు వయోపరిమితి 30 ఏళ్లు. మహిళలకు ఐదేళ్ల సడలింపు ఉంది. పెళ్లయి, ఒక బిడ్డ పుట్టాక తిరిగి చదువుకు వచ్చే వారికి ఈ సడలింపు చాలా విలువైనది.

సర్టిఫికెట్ల విషయంలో జాగ్రత్త. రాష్ట్రం ఇచ్చే బీసీ ఈ సర్టిఫికెట్ వేరు, కేంద్ర పరీక్షలకు అడిగే ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ వేరు. మీ కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో ముందే తెలుసుకుని దరఖాస్తు నింపండి.

విదేశాల మాట

ఇల్లు ఎయిర్‌పోర్టు పక్కన ఉన్నందుకో ఏమో, మన పిల్లలకు విమానం చప్పుడుతో పాటు విదేశీ చదువు మాట కూడా చెవిన పడుతూనే ఉంటుంది. బ్రిటన్‌లో ఈ శాస్త్రం పేరుతోనే ఏడాది పీజీ కోర్సులు ఉన్నాయి. లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ పేరున్న చోటు. ఫీజులు, అక్కడి ఖర్చు చాలా ఎక్కువ. తెలంగాణ మైనారిటీ సంక్షేమ శాఖ ద్వారా ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ కింద 20 లక్షల రూపాయల వరకు సాయం ఉంది. ఆదాయ పరిమితి, మార్కుల నిబంధనలు ఆ ఏటి ప్రకటనలో చదివి తెలుసుకోండి. ప్లాటు అమ్మే ముందు ఒక్క ప్రశ్న వేయండి: ఆ ఏడాదిలో ల్యాబ్‌లో పని ఎన్ని నెలలు? జవాబు సరిగా చెప్పలేని కన్సల్టెన్సీని నమ్మకండి.

చదివాక పని ఎక్కడ?

మొదటిది ఎంబ్రియాలజిస్టు ఉద్యోగం. సంతాన సాఫల్య కేంద్రంలో డాక్టరు రోగిని చూస్తారు. అండాలను, వీర్యాన్ని చూసేది, ఫలదీకరణ జరిపేది, మూడు నుంచి ఐదు రోజులు పిండాన్ని ఇంక్యుబేటరులో కాపాడేది, మిగిలిన వాటిని గడ్డకట్టించి భద్రపరిచేది ఎంబ్రియాలజిస్టు. ఒక జంట ఆశ అంతా ఆ చిన్న గాజు గిన్నెలో ఉంటుంది. ఎవరి అండం ఎవరిదన్న లేబుల్ తప్పితే ఆ నష్టాన్ని ఎవరూ పూడ్చలేరు. ఈ ఉద్యోగంలో చేతి నైపుణ్యం ఎంత ముఖ్యమో నిజాయితీ కూడా అంతే ముఖ్యం.

2021లో వచ్చిన సహాయక ప్రత్యుత్పత్తి సాంకేతికత చట్టం ఇలాంటి కేంద్రాలకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. ఎంబ్రియాలజిస్టుకు ఉండాల్సిన అర్హతలను నిబంధనలు నిర్ణయించాయి. పీజీ లేదా పీహెచ్‌డీతో పాటు ఇలాంటి ల్యాబ్‌లో అనుభవం ఉండాలి. కాబట్టి కొన్ని వారాల సర్టిఫికెట్ కోర్సుతో ఎంబ్రియాలజిస్టు అయిపోవచ్చని లక్షలు అడిగే ప్రకటనలు చూస్తే దూరంగా ఉండండి.

రెండోది ఔషధ పరీక్షల రంగం. 1957లో జర్మనీలో అమ్మకానికి వచ్చిన థాలిడోమైడ్ మాత్రను గర్భిణులు వేవిళ్లకు వాడారు. చేతులు, కాళ్లు సరిగా ఏర్పడని పిల్లలు వేల మంది పుట్టారు. 1961 చివర్లో ఆ మందును వెనక్కి తీసుకున్నారు. అప్పటి నుంచి కొత్త మందు పిండానికి హాని చేస్తుందా అని జంతువుల మీద పరీక్షించడం నియమమైంది. మందుల కంపెనీలకు పేరున్న హైదరాబాద్‌లో ఈ పని తెలిసిన వాళ్లు అవసరం.

ఇవి కాక పౌల్ట్రీ, డెయిరీ, వన్యప్రాణి సంరక్షణ రంగాలు ఉన్నాయి. నెట్ లేదా సెట్ అర్హతతో డిగ్రీ కాలేజీ అధ్యాపకులు కావచ్చు. ప్రత్యుత్పత్తి పాఠాన్ని దాటవేయకుండా, సిగ్గు లేకుండా, మర్యాదగా చెప్పగల టీచర్లు మన బడులకూ కావాలి.

పెద్దలు చేయగలిగింది

"అమ్మాయి ఇలాంటి విషయం చదవడమా?" అని కొందరు తల్లిదండ్రులు అడుగుతారు. వారికి నా జవాబు ఇదే. మీ ఇంటి కోడలు ఇలాంటి కేంద్రానికి వెళ్లాల్సి వస్తే, లోపల ఎవరు ఉండాలని కోరుకుంటారు? చదువుకున్న ఒక ఆడమనిషి ఉండాలనే కదా. ఆ ఆడమనిషి ఎవరో ఒకరి కూతురే. ఆమెను ఎవరో ఒకరు ఎమ్మెస్సీ దాకా చదివించి ఉంటారు.

సేవా సంఘాలు స్కూలు బ్యాగులు, నోటుపుస్తకాలు పంచుతున్నాయి. అది మంచి పని. దానితో పాటు మూడు పనులు చేయవచ్చు. డిగ్రీ చివరి ఏడాది పిల్లలకు ప్రవేశ పరీక్షల దరఖాస్తు రుసుము కట్టడం, సెప్టెంబరులోనే ఒక ఆదివారం కూర్చోబెట్టి తేదీలు, సర్టిఫికెట్లు వివరించడం, నెట్ కోసం ఏడాది పాటు పుస్తకాలు, ప్రశాంతంగా కూర్చుని చదువుకోవడానికి ఒక గది ఇవ్వడం. వీటికయ్యే ఖర్చు తక్కువ. ఒక్క జేఆర్ఎఫ్ వచ్చినా ఆ ఇంటి దిశ మారుతుంది. ఆ వీధిలోని మిగతా పిల్లలకు అడగడానికి ఒక మనిషి దొరుకుతుంది.

ఈ సంచిక చేరిన ఇంట్లో బీఎస్సీ చదువుతున్న పిల్లలు ఎవరైనా ఉంటే, దయచేసి మెట్ల గురించి రాసిన భాగాన్ని వారి చేత చదివించండి. తర్వాత మీరూ చదవండి. పెళ్లి మాట మొదలయ్యే ముందు పీజీ మాట ఒక్కసారి ఇంట్లో మాట్లాడుకోండి.